ఓడరేవు ప్రకటన

షాంటిలీ (వాషింగ్టన్ దగ్గర), 2012 అక్టోబర్, మంగళవారం రాత్రి

నేను పనిచేసేది ఒక చిన్న ద్వీపదేశపు ఎంబసీలో. మా అంబాసిడర్ గారిని ఇవాళ వాళ్ల ప్రభుత్వం వెనక్కి పిలిచేసింది. అంత చిన్న దేశంలో ఓడరేవు మేం కడతామంటే మేం కడతామని రెండు పెద్ద దేశాలు పట్టుబట్టాయి. "ప్రాంతీయ కూటమిలో అందరం కూర్చుని తేల్చుకుందాం" అని ఈయన ప్రకటన ఇచ్చారు. డ్రాఫ్ట్ చేసింది నేనే. రెండు దేశాలకీ కోపం వచ్చింది.

ఆయన టేబుల్ సర్దుకుంటుంటే "సారీ సర్" అన్నాను.

"నువ్వు బాగానే రాశావు. ఎవరి పక్కనా చేరకపోతే ఇద్దరూ మనల్ని వదిలేస్తారనుకున్నాను" అన్నారు.

సాయంత్రం వాళ్ల రాజధాని నుంచి ఫోన్ వచ్చింది. ఆ రెండు దేశాల్లో ఒకదాన్ని ఓడరేవు కట్టమని ఆహ్వానిస్తూ రేపటికి కొత్త ప్రకటన కావాలట.

"ముఖం అలా ఉందేంటే, అన్నం తిను" అంది ఇంట్లో అమ్మ. తిన్నాను, రుచి తెలియలేదు. తర్వాత కూర్చుని ప్రకటన రాసేశాను. ఎక్కడా ఆగలేదు. రేపు రెండో దేశాన్ని పిలవమన్నా ఇంతే తేలిగ్గా రాస్తానేమో...