గలీనమ్మ ఇంటికి విచారణకు పోయినాను

ఎడిసన్, అమెరికా,
ఆదివారం పొద్దున.

మా అక్క నాగమ్మకు, నీ చెల్లెలు ఓబులమ్మ పాదాలకు మొక్కి రాస్తాండాను. ఇక్కడ నేను, సునీత, అల్లుడు, చిన్నది మేఘన అందరమూ బాగుండాము. నీకు బీపీ ఎట్లుండాది? మాత్ర ఏమన్నా తిని మింగుతాండావా, ఉత్త కడుపుతోనే మింగుతాండావా? బావకు కాలి వాపు తగ్గిందా? ఎనుము ఈనిందా? దూడ పెయ్యా, దున్నా? ఇవన్నీ ఫోన్లో అడగాలనుకుంటాను, లైన్లో నీ గొంతు వినపడేసరికి అన్నీ మరిచిపోతాను. మేము మాత్రం బాగుండాము, దిగులు పడొద్దు.

ఫోన్లో చెప్పలేని మాట కాబట్టి ఈ జాబు రాస్తాండాను. ఫోను హాల్లో ఉండాది, ఏమి మాట్లాడినా సునీతకు వినపడతాది. సత్యవతమ్మ చెల్లెలు ఇండియాకు పోతాండాది, హైదరాబాదులో పోస్టు డబ్బాలో వేస్తానన్నాది. సత్యవతమ్మ అంటే మా పక్కింటి ఏలూరు ఆయమ్మ, ఇక్కడ నాకు తోడు ఆమె ఒక్కతే. కవరు మాత్రం బాగా అంటించినాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తాది.

పోయినసారి నువ్వు ఫోన్లో "బిడ్డను ఎత్తుకొని వచ్చేయి ఓబులా, ఇంకేమీ ఆలోచించొద్దు" అన్నావు. మన బిడ్డలను ఊపిన తొట్టిల అటక మీద నుంచి దింపించి, వడ్లాయనతో బాగు చేయించినావని నీ కోడలు మంజుల చెప్పినాది. ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదక్కా. నా ఆర్నెల్ల గడువు వచ్చే నెలతో సరి. సునీత ఉద్యోగానికి పోవల్ల. అల్లుడు చీకటితోనే న్యూయార్కు రైలెక్కుతాడు, మళ్ళీ చీకటికి వస్తాడు. "అత్తయ్యగారూ, పాపను మీతో తీసుకెళ్ళండి, రెండేళ్ళు పెంచి పంపండి. ఇక్కడ మా ఫ్రెండ్సందరూ అదే చేస్తున్నారు" అంటాడు. చిన్నదాని పాస్‌పోర్టుకు ఇండియా వీసా కూడా వేయించి పెట్టినాడు. సునీత గొడవ పడదు. కానీ నేను బిడ్డ బట్టలు నా సూట్‌కేసులో సర్దుతానా, నేను స్నానానికి పోయి వచ్చేసరికి మళ్ళీ బీరువాలో ఉంటాయి. నేను అడగను, అది చెప్పదు.

అదేమో కింద ఇంటి రష్యా ఆయమ్మ దగ్గర బిడ్డను వదిలి ఆఫీసుకు పోతానంటాది. ఆయమ్మ పేరు గలీనా, చూస్తే నా ఈడుదే. ఒక్కతే ఉంటాది. ముందర ఇద్దరు ముగ్గురు పిల్లలను సాకినాదంట. మంచిదే. మరి ఇక్కడ అందరూ ఏమంటారో తెలుసునా? రష్యా వాళ్ళంటే మాఫియా అంట. మాఫియా అంటే మన పక్క ముఠాల మాదిరే అనుకో, కాకపోతే కోట్లు వేసుకుంటారు.

ఆయమ్మకు యూరి అని కొడుకుండాడు. ఆదివారం ఆదివారం నల్లద్దాల కారులో వస్తాడు. మన గడప పట్టని మనిషి. వేళ్ళ మీదంతా పచ్చబొట్లు. సత్యవతమ్మ నన్ను లాండ్రీ గదిలోకి తీసుకుపోయి చెప్పినాది. "వదినగారూ, మీకు చెప్పకూడదు గానండీ, ఆ పచ్చబొట్లు చూశారా? ఒక్కో పచ్చబొట్టుకీ ఒక్కో జైలంటండీ."

"నీకెవరు చెప్పినారు?"

"టీవీలో వచ్చిందండీ."

అల్లుని స్నేహితుడొకడు భోజనానికి వచ్చి, "రష్యన్ మాఫియా ఏంటి ఆంటీ, అదంతా సినిమా వాళ్ళు కల్పించింది" అని నవ్వినాడు. ఇంకొకడు, "నీకేం తెలుసురా, ఈ చుట్టుపక్కల సగం పెట్రోలు బంకులు వాళ్ళవే" అన్నాడు. ఇద్దరూ నా చెనక్కాయ ఉండలు తిని పోయినారు, నా దిగులు నాకు వదిలేసి పోయినారు. నేను చూసింది కూడా ఒకటుండాది. మా ఇంట్లో హీటరు చెడిపోతే ఈ ఇండ్లు చూసుకునే ఆఫీసోళ్ళు రారు, సునీత పదిసార్లు ఫోన్ చేయల్ల. గలీనమ్మ ఇంట్లో చెడిపోతే ఆ పూటే వచ్చి బాగుచేసి పోతారు. ఎందుకు? దీనికి తోడు సునీత అడిగి ఎన్నో దినాలయినా ఆయమ్మ సరే అనదు, కాదనదు. నవ్వుతాది, తలుపేసుకుంటాది. కిటికీ దగ్గర నిలబడి ఆ నల్ల కారు వస్తాండాదా పోతాండాదా అని చూసేదే నా పనయినాది. మంచు పడి అన్ని కార్లూ తెల్లగయినా అదొక్కటి నల్లగానే ఉన్నట్టు కనపడతాది నాకు.

అట్ల కిటికీ దగ్గర నిలబడినప్పుడే నాకు గొడుగాయన జ్ఞాపకం వచ్చినాడు. సునీత సంబంధమప్పుడు అల్లుని వాళ్ళు గుంటూరు నుంచి విచారణకు పంపిన ఆయన, చంకలో గొడుగు, తెల్ల చొక్కా. కడప పక్క పిల్లంటే ఇంట్లో బాంబులుంటాయని వాళ్ళకు భయం. ఆయన తిన్నగా మా ఇంటికి రాలేదు. కిరాణా అంగట్లో అడిగినాడు, చాయంగట్లో అడిగినాడు, కడాకు నీ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. నువ్వు చెంబు నిండా మజ్జిగ ఇచ్చి, "మా పక్క అట్లాంటివి యాడుండాయి నాయనా, అన్నీ సినిమాల్లో చూపిస్తారు" అంటివి. అదే వారం ఏటవతల ఊర్లో రెండిండ్లోళ్ళు కొట్టుకొని, మన ఊర్లో గూడా మధ్యాహ్నానికే అంగళ్ళు మూసినారు. ఆయన పోయినాక నువ్వు నా మొగం చూడలేదు, నేను నీ మొగం చూడలేదు. నువ్వు చెప్పింది అబద్ధమని అనను. మన ఇంట్లో కొడవలి ఉండేది గడ్డికే. కానీ అంతా నిజమూ కాదు కదక్కా.

ఆయన మాదిరే నేనూ పోవల్లనుకున్నాను. సంబంధం చూసినట్టే చూడల్ల. చెప్పి పోతే ఇల్లు సర్దిపెట్టుకుంటారు, చెప్పకుండా పోతేనే ఇల్లు తెలుస్తాది. నిన్న శనివారం మధ్యాహ్నం సునీత దుకాణానికి పోయినప్పుడు, చిన్నదాన్ని శాలువాలో చుట్టుకొని, డబ్బాలో నాలుగు చెనక్కాయ ఉండలు పెట్టుకొని, ఇంగ్లీషుకు సత్యవతమ్మను వెంటబెట్టుకొని కిందికి దిగినాను. "నేనెందుకండీ, మావారు కోప్పడతారండీ" అని ప్రతి మెట్టు మీదా అంటానే వచ్చినాది.

తలుపు తీసింది ఎవరనుకుంటావు? యూరి. ఆదివారం మనిషి శనివారమే వచ్చినాడు. గుమ్మం నిండుగా నిలబడినాడు. చేతిలో కత్తి! నేను బిడ్డను ఎదకు హత్తుకున్నాను. సత్యవతమ్మ నా వెనకాలకు పోయినాది. ఆ వెనక నుంచి గలీనమ్మ ఏదో అరిచినాది, యూరి పక్కకు తప్పుకున్నాడు. చూస్తే బల్ల మీద ఇంత క్యాబేజీ కుప్ప. ఊరగాయకు తరుగుతాండాడు. వాళ్ళమ్మ ఒక ముక్క తీసి వాని కండ్ల ముందర ఆడిస్తా తిడతాండాది, లావుగా తరిగినావని. ఆ తిట్టు ఏ భాషో నాకు తెలియదు గానీ, ఆవకాయకు మామిడికాయ పెద్ద ముక్కలు కొట్టినప్పుడు నువ్వు బావను తిట్టే తిట్టు అదే.

కూర్చోమన్నారు. నేను నాన్చలేదు. "సత్యవతమ్మా, మాఫియా అనేది నిజమా, కాదా? అడుగు" అన్నాను.

"అలా అడిగేస్తారేంటండీ! మర్యాదగా ఉండదండీ."

"నువ్వడుగుతావా, నన్ను సైగ చేసి అడగమంటావా?"

అడిగినాది. గలీనమ్మ పకపకా నవ్వి, చేయి ఊపి, "టీవీ, టీవీ" అన్నాది. అది నాకూ అర్థమయినాది. లేచిపోయి చాయ తెచ్చినాది. చాయలో చక్కెర లేదు, పక్కన గిన్నెలో ఎర్ర పండ్ల పాకం, దాన్ని చెంచాతో నోట్లో వేసుకొని చాయ తాగల్లంట. చాయ నా ముందర పెట్టి మళ్ళీ "టీవీ" అన్నాది. అక్కా, ఆ గిన్నె చూస్తే నాకు నీ మజ్జిగ చెంబే కనపడినాది.

అప్పుడు యూరి తరుగుతానే, తల ఎత్తకుండా ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?"

"ఉందంటున్నాడండీ. వాళ్ళ ఊళ్ళో వాళ్ళ నాన్నకి చెప్పుల కొట్టుండేదటండీ. ప్రతి నెలా వచ్చి పట్టుకుపోయేవారట. ఒకసారి ఆయన ఇవ్వనన్నాడటండీ. తర్వాత వీళ్ళిద్దరూ ఊరొదిలి వచ్చేశారట."

"ఇద్దరా? ఆయన?"

"నేనడగలేదండీ."

గలీనమ్మ చెంచాతో బల్ల మీద టకటకా కొట్టి కొడుకును అరిచినాది. ఆ అరుపూ నాకు తెలుసు. బయటి వాళ్ళ ముందర ఇంటి మాట ఎందుకెత్తినావని. యూరి మాత్రం ఆపలేదు. తాను ట్రక్కులో ఇండ్ల సామాన్లు మోసే పని చేస్తానని, ఇక్కడ తనను చూసి జనం ఏమనుకుంటారో తనకు తెలుసునని చెప్పినాడంట. కాదని చెప్పుకుంటా తిరగడంట. అనుకోనీలే, మా అమ్మ హీటరన్నా తొందరగా బాగవుతాది అని నవ్వినాడంట. మన అల్లుడూ అంతే కదా. ఆఫీసులో మనవాళ్ళు "నీ భార్యది కడప, నీతో జాగ్రత్త బాబూ" అంటే, నవ్వుకుంటాడే గానీ కాదనడు.

ఇంక అయిపోయిందనుకున్నాను. గలీనమ్మ కుర్చీ నా దగ్గరికి లాక్కొని, నన్ను చూపించి, బిడ్డను చూపించి, కొడుకును చూపించి, ఏదో అడిగినాది. సత్యవతమ్మ మొగం పాలిపోయినాది.

"ఏమంటాది?"

"ఏం లేదండీ. టీ బాగుందా అంటోందండీ."

"బాంబు అనింది నాకు వినపడినాది సత్యవతమ్మా. నిజం చెప్పు."

"అదేనండీ... మీ ఊళ్ళో బాంబులేసుకుంటారట కదా, పాపను నేను పెట్టుకున్నాక రేపు ఏ జ్వరమో వస్తే, దెబ్బ తగిలితే, మీ వాళ్ళు వచ్చి నా కొడుకుని బతకనిస్తారా అని అడుగుతోందండీ."

"ఆయమ్మకు మన ఊరి సంగతి ఎవరు చెప్పినారు?"

సత్యవతమ్మ పైట సర్దుకున్నాది. "లాండ్రీ దగ్గర మాటల్లో మాటగా అన్నానేమోనండీ."

చూసినావా అక్కా, ఈమెను! ఇన్నాళ్ళూ ఆయమ్మ అవునని కాదని చెప్పకపోయింది ఇందుకు. నేను కిటికీలోనుంచి ఆయమ్మ కొడుకును చూసి భయపడతాంటే, ఆయమ్మ తన కొడుకు కోసం నన్ను చూసి భయపడతాండాది. నన్ను! బొద్దింకను చూస్తే మంచమెక్కే నన్ను!

"మా పక్క అట్లాంటివి యాడుండాయమ్మా" అనే మాట నాలిక మీదికి వచ్చేసినాది. నీ మాటే. కానీ చెప్పుల అంగడాయన సంగతి విన్నాక నాకు నోరు రాలేదు. "ఉండాయని చెప్పు సత్యవతమ్మా. మా ఇంట్లో లేవని చెప్పు. రెండూ చెప్పల్ల, ఒకటి చెప్పి ఒకటి మింగొద్దు" అన్నాను. ఈసారి సరిగానే చెప్పినట్టుంది. గలీనమ్మ లేచి నా గ్లాసులో ఇంకొంచెం చాయ పోసినాది. తర్వాత, తమదీ అదే మాట, ఉండాది, తమ ఇంట్లో లేదు, అనిందంట.

బిడ్డను పెట్టుకుంటానని గలీనమ్మ చేతులు చాపితే చిన్నది పోలేదు, ఏడ్చినాది. పోతా పోతా యూరి చిటికెన వేలు మాత్రం పట్టుకున్నాది. వాడు కదలకుండా నిలబడిపోయినాడు, ఉప్పు చేతులక్కా, బిడ్డకు కండ్లలో పడతాదేమోనని. బిడ్డ ఉన్న దినాల్లో నీ కొడుకు రాగూడదని షరతు పెట్టల్లని నేను మనసులో అనుకొనే పోయింటిని. నేను నోరు తెరవకముందే వాడే చెప్పినాడు, తాను ఆదివారం మాత్రమే వస్తాను, అమ్మమ్మకు చెప్పండి అని. తల్లి ఇంటికి కొడుకు రావడానికి నేను అడ్డమయినాను. వద్దు, ఎప్పుడైనా రానీ అని చెప్పల్లనుకున్నాను. చెప్పలేకపోయినాను. ఆ పచ్చబొట్ల సంగతి గూడా అడగలేదు. అడిగింటే బాగుండునని తెల్లారినప్పటినుంచి మనసు పీకుతాండాది.

మాపటేల సునీతతో అంతా చెప్పి, బిడ్డను గలీనమ్మ దగ్గరే వదులుదామన్నాను. మాట పూర్తి కాకముందే పోయి నా సూట్‌కేసు తెరిచి బిడ్డ బట్టలు తీసినాది. ఈసారి నేను చూస్తాంటేనే తీసినాది. అల్లుడు, "మీ ఇష్టం అత్తయ్యగారూ, రేపు ఏదైనా అయితే?" అన్నాడు. "మీ వాళ్ళు గొడుగాయనను పంపి కూడా మా పిల్లను చేసుకున్నారు కదా నాయనా, ఏమయినాది?" అన్నాను. నవ్వినాడు. వీసా దుడ్లు దండగయినాయని మాత్రం గొణుక్కున్నాడు.

కాబట్టి అక్కా, నేనొక్కదాన్నే వస్తాండాను. కోపం తెచ్చుకోవద్దు. నువ్వు ఎదురుచూస్తాండావని నాకు తెలుసు. బిడ్డను తల్లి దగ్గర నుంచి ఎత్తుకొని వస్తే, దాని ఏడుపు నీ తొట్టిల్లో ఆగేది కాదు. నేను చేసింది సరేనా కాదా, నువ్వు చెప్పు, గట్టిగా చెప్పు. నిన్ననుంచి రెండుసార్లు కిందికి పోయి ఆయమ్మ తలుపు దగ్గర చెవి పెట్టి వచ్చినాను. పాటలు వినపడినాయి. బాగానే ఉన్నట్టుంది. ఉంటుందిలే. ఏమీ కాదు. కాదు కదా?

నాకు ఇక్కడ చలికి కీళ్ళు పట్టేసినాయి, అంతే, బాగుండాను. ఎవరన్నా వచ్చేవాళ్ళుంటే వాము, రొంత రాగిపిండి పంపు, గలీనమ్మకు ఉగ్గు కాచేది నేర్పించి రావల్ల. బావకు నా దండాలు చెప్పు. మంజుల చదివి వినిపించేటప్పుడు మెల్లగా చదవమను, మజ్జిగ సంగతి వీధిలోకి వినపడగూడదు. చిన్నదాన్ని, దాన్ని పెట్టుకోబోయే ఆయమ్మను, ఆ యూరిని గూడా నువ్వు మనసులో దీవించు. పెద్దదానివి, నీ దీవెన ఇంత దూరం వస్తాది.

తొట్టిల మాత్రం ఇప్పుడే అటక ఎక్కించొద్దక్కా. నేను వచ్చిన ఒక నెల దాకా అట్లనే ఉండనీ.

నీ చెల్లెలు
ఓబులమ్మ