తమ్ముడు తాగుతున్న ఆసిడ్

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు ఫోనెత్తవు కాబట్టి ఉత్తరం. తిండి మానేసి, పూటకో గ్లాసు ఆసిడ్ తాగుతున్నావని మీ బస్సు డిపో మేనేజరు చెప్పాడు. బ్యాటరీల్లో పోసేదేనా? ఇక్కడ ఆసుపత్రిలో మీ బావ ఒళ్లంతా పచ్చబడి పడున్నాడు. కాలేయం మారిస్తేగానీ ఆశ లేదంటున్నారు. నాకు ఆ భయం చాలదట్రా?

హడలిపోతున్న అక్క

తా.క. మిగిలింది పారబోసేటప్పుడు చేతులకి గుడ్డ చుట్టుకో.

అక్కా, నమస్కారం.

అది అమైనో ఆసిడ్ల పొడి. మాంసకృత్తులు తయారయ్యేది వాటితోనేనట. తిండి బాగా తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. కండ నిలవాలని డాక్టరమ్మ ఈ పొడి ఇచ్చి, రోజూ కాసేపు బరువులెత్తమంది. ఆరు వారాల్లో ఎనిమిది కిలోలు తగ్గాలి. కంగారుపడకు.

నీ తమ్ముడు

తా.క. రుచి మాత్రం బ్యాటరీదే.

ఒరేయ్,

ముప్పైతొమ్మిదేళ్లకి నాజూకవ్వాలని బుద్ధి పుట్టిందంటే ఎవరికోసమో తెలియదనుకున్నావా? ఎవరావిడ? పెళ్లికి ముందే కడుపు మాడ్చేది తర్వాత బతకనిస్తుందా? మొన్న స్పానర్ చేతిలో ఉండగానే కళ్లు తిరిగి కూలబడ్డావట. ఆయన ఒకవైపు, నువ్వొకవైపు. ఇద్దరూ పోతే నేనేమైపోవాలిరా? ఆదివారం వచ్చి ఆ డబ్బా విసిరేస్తా.

అక్క

తా.క. ఆవిడకి వంట వచ్చా? అసలు తినే అలవాటైనా ఉందా?

అక్కా,

ఆదివారం రాకు. ఆవిడా లేదు, పెళ్లీ లేదు. కళ్లు తిరిగాక డాక్టరమ్మ తిండి కాస్త పెంచింది. నిన్న స్కాన్ తీశారు. ఏడున్నర కిలోలు తగ్గాను. కండ పెద్దగా పోలేదు. కాలేయంలో కొవ్వు కరిగింది.

ఇప్పుడు చెప్పొచ్చు. బావకి కాలేయంలో ముక్క ఇస్తున్నది నేనే. రక్తం గ్రూపు కలిసింది గానీ కొవ్వు పట్టిన కాలేయం పనికిరాదన్నారు. ఆరు వారాలు గడువడిగాను. నీకు ముందే ఆశ పెట్టి, తీరా కాదంటే నీ మొహం చూడలేననే ఫోనెత్తలేదు.

ఆపరేషన్ మంగళవారం. సోమవారం అక్కడికే వచ్చి చేరతాను. బావకి ధైర్యంగా ఉన్నానని చెప్పు. నీకు మాత్రం నిజం చెబుతున్నా, చాలా భయంగా ఉందక్కా. ఆ రోజు కాసేపు నా మంచం దగ్గర కూర్చుంటావా?

నీ తమ్ముడు

తా.క. ఇకనుంచి బావని కాస్త చూసి తిట్టు. లోపల నేనుంటాను.