రెండు పద్ధతుల్ని కలిపిన నేరం

అక్టోబరు 9, బాపట్ల
నా మీద మోపిన నేరం: రెండు పద్ధతుల్ని కలిపి ప్రాజెక్టును చెడగొట్టాను. రైతుకు సలహా చెప్పే మా ఏఐ ఏజెంట్ల బృందం కొట్టమన్న రోజునే, ప్రాజెక్టులో నా తోటిదైన రూతు వాళ్ళ నాన్న వరికి పురుగుమందు కొట్టారు. సాయంత్రం వాన, మందంతా నీళ్ళపాలు. తప్పు నాదేనని మా ముగ్గురిలో ఒకడైన సుధీర్ అందరి ముందూ ప్రకటించాడు. వచ్చే శుక్రవారం సెమినార్ హాల్లో నా సంజాయిషీ. ఇస్తాను. అతని తల వంచి మరీ ఇస్తాను.

అక్టోబరు 10, తెనాలి
సుధీర్ పద్ధతి: పైన ఒక పెద్ద ఏజెంటు, వాన, పురుగు, నీరు చూసే మూడూ దాని ఆజ్ఞకు లోబడాలి. తొందరపాటు. రూతు పద్ధతి: అందరూ సమానులు, ఏకాభిప్రాయం వచ్చేదాకా వాదన. తెమలదు. నేను కలిపాను — ముందు వాదన, ఆపైన పెద్ద ఏజెంటు తీర్పు; అభ్యంతరాన్ని తోసిపుచ్చితే కారణం చెప్పి తీరాలి. ఇందులో నేరమెక్కడ?
అమ్మ — "ఎవరి మీదే ఆ పళ్ళు నూరడం?"

అక్టోబరు 12, రేపల్లె
రూతు ఇంట్లో ఏజెంట్లను అదే ప్రశ్న మళ్ళీ అడిగాను, ఆ రోజు నడిపిన అమరికతోనే. వాదన మెట్టు లేదు! ఆలస్యమవుతోందని సుధీర్ తీసేశాడు. పైగా పెద్ద ఏజెంటును మిగతావి "సార్" అనాలని ఆదేశం... మర్యాదట. వాన చూసే ఏజెంటు జవాబు: "సాయంత్రం వాన ఉందండి సార్. అయినా మీ ఇష్టమండి."
రూతు వాళ్ళ నాన్న పగలబడి నవ్వారు. "మా సొసైటీ మీటింగూ ఇంతేనమ్మా!"
నాకు నవ్వు రాలేదు.
గుమ్మం దాకా వచ్చి రూతు — "పోనీవే. హాల్లో వాణ్ణి కడిగేస్తే ప్రాజెక్టే ఆపేస్తారు. నా పేరు కూడా ఉంది కదా అందులో."

అక్టోబరు 14, బాపట్ల
క్యాంటీన్లో సుధీర్ — "ఏంటి తల్లీ, సాంబార్లో పెరుగు కలిపే వంట ఎందాకా వచ్చింది?"
"శుక్రవారం వడ్డిస్తాను. విస్తరి పరుచుకో."
అతనితో కలిసి నవ్విన ప్రతి ముఖమూ గుర్తుంది.

అక్టోబరు 15
ప్రాజెక్టు చూసే మేడమ్ రాజీకి పిలిచారు. "నా గదిలో సుధీర్ చేత నీకు క్షమాపణ చెప్పిస్తాను, సరేనా..." నింద నలుగురిలో, క్షమాపణ నాలుగు గోడల మధ్యనా? వద్దన్నాను.

అక్టోబరు 16
రూతు ఫోను ఎత్తడం లేదు. తన పేరు కూడా పోతుంది — తెలుసు. అయినా...
రేపు చివర అనవలసిన మాట:
మిత్రులారా, నన్ను నమ్మమని అడగను. మీలో పొలమున్నవారు లేచి రండి. మీ చేను గురించి మీరే అడగండి. వాదన మెట్టు ఉన్నదీ, సుధీర్ తీసేసినదీ, రెండు అమరికలనూ మీ ఎదుటే నడుపుతాను. ఏ జవాబును నమ్మి మీ నాన్నను పొలానికి పంపుతారో, సుధీర్ ముఖం చూస్తూ చెప్పండి.