తప్పులు తయారుచేసే గది

అమ్మకు,

నమస్కారాలు. నేను కులాసా. దగ్గు పూర్తిగా పోయింది, నువ్వు పంపిన మాత్రల్లో నాలుగు మిగిలాయి కూడా. నీ నడుం నొప్పి, నాన్న కోపం రెండూ అదుపులోనే ఉన్నాయని రాశావు కాబట్టి ఇంట్లో అంతా క్షేమమే అనుకుంటున్నాను.

ఈ పొద్దున ఆఫీసుకి వచ్చేసరికి గుమ్మం దగ్గర ఒకావిడ నిచ్చెన మీద నిలబడి ఉంది. ఇత్తడి బోర్డు మీది అక్షరాలను పళ్ళు తోముకునే బ్రష్షుతో ఒక్కొక్కటే తోముతోంది. నేను కింద నిలబడి చూస్తూ ఉండిపోయాను. "దారి కావాలా పాపా?" అంది. అక్కర్లేదన్నాను. "మరి నీ పళ్ళు కూడా తోమమంటావా?" అంది. సిగ్గేసి లోపలికి పరుగెత్తాను.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. వేళకే తింటున్నాను. గది అద్దెకిచ్చినావిడ మంచిదే. ఆవిడ మాట్లాడితే వదలదు, నేను అసలు మాట్లాడను, ఇద్దరికీ కుదిరింది. మూడోది, నేను రోజంతా ఆఫీసులో చేసే పనేమిటని. నాలుగోది, పరీక్షలో ఇరవై రెండో ప్రశ్నకు నువ్వు పెట్టిన జవాబు ఒప్పేనా అని. ఫోనులో కూడా అడిగావు. నేను వాతావరణం గురించి మాట్లాడాను. ఫోనులో నాకు మాట పెగలదని నీకు తెలుసు. అందుకే ఈ రెండింటికీ తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు రాసిన నర్సు శిక్షణ పరీక్షలో ఇంగ్లీషు భాగం ఉంది కదా. ఒక వాక్యం ఇచ్చి, గీత గీసిన ముక్క సరిగ్గా ఉందా, లేకపోతే కింద ఉన్నవాటిలో ఏది సరైనదో గుర్తించమంటారు. ఆ వాక్యాలను తయారుచేసేది మా గదే. ఆరుగురం ఉంటాం. ప్రశ్నకి ఒక ఒప్పు, నాలుగు తప్పులు. "కాన్వెంటులో తప్పు మాట్లాడితే బెంచీ ఎక్కించారు, ఇక్కడ తప్పులు రాస్తే జీతమిస్తున్నారా!" అని మొదటి నెలలో నువ్వు నవ్వావు. నిజానికి ఒప్పు రాయడమే తేలికమ్మా. తప్పు నిజంగా తప్పయి ఉండాలి, కానీ ఒప్పులా కనబడాలి. చదివినవాడు ఒక్క క్షణం ఆగాలి. పొద్దుటినుంచీ సాయంత్రం దాకా కూర్చుంటే నాకు మంచి తప్పులు మూడో నాలుగో వస్తాయి.

ఈ పనిలో ఒక ప్రమాదం ఉంది. రోజూ తప్పుల మధ్య ఉంటే చెవి చెడిపోతుంది. తప్పు వాక్యం అలవాటైపోయి బాగానే ఉందనిపిస్తుంది. అందుకని తొమ్మిదింటికి, కాగితం ముట్టుకునే ముందు, ఎవరో ఒకరు ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి అందులో ఒక పేజీ పైకి చదవాలి. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని వినాలి. దీన్ని మేము చెవి కడుక్కోవడం అంటాం. పాత పుస్తకం ఎవరిదైనా ఫరవాలేదు, వాక్యం బాగుంటే చాలు.

ఈ ఆచారం పెట్టింది మా పెద్దాయన. అందరం చెవిగారు అంటాం. ఆయన ముందే అంటాం, ఆయనకిష్టమే. నేను రాసిన ప్రతి ప్రశ్నా ఆయనకు చదివి వినిపించాలి. ఆయన చూడడు, వింటాడు. తప్పు దగ్గరకు రాగానే ఎడమ కనుబొమ్మ లేస్తుంది. "ఏమ్మా, ఇవాళ ఏం తప్పులు వండుకొచ్చావు?" అంటాడు రోజూ. విన్నాక నా సంతకం కింద తన సంతకం పెడతాడు. నా పక్క కుర్చీలో ఫుల్‌స్టాప్ అక్క. మొదలుపెడితే ఆగదు కాబట్టి ఆ పేరు.

ఒకసారి నేను చెవిగారిని అడిగాను. కన్సిడర్ అనే మాట పక్కన యాజ్ పెడితే తప్పంటాం, రిగార్డ్ పక్కన యాజ్ పెట్టకపోతే తప్పంటాం. రెండిటికీ అర్థం దాదాపు ఒకటే కదండీ, ఎందుకలా? ఆయన, "ఎవరో ఒకరు చెప్పి ఉంటే వెళ్ళి అడగొచ్చు. ఎవరూ చెప్పలేదే!" అన్నాడు. ఆ మాట నన్ను వారం రోజులు వదల్లేదమ్మా. ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు, సభ పెట్టలేదు. ఒకరినొకరు ఎన్నడూ చూడని లక్షల మంది, వంటిళ్ళలో, రేవుల్లో, పొలాల్లో, ఒకే మాట పక్కన ఒకే మాట పెట్టుకుంటూ పోయారు. వాళ్ళంతా చచ్చిపోయినా ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. దాన్ని నేను రోజూ ముట్టుకుంటున్నాను. కొన్నిసార్లు ప్రశ్న రాస్తూ రాస్తూ పెన్ను కింద పెట్టేసి కూర్చునేదాన్ని. ఫుల్‌స్టాప్ అక్క, "ఏమే, వాక్యం కాటేసిందా?" అనేది.

ఇక ఇరవై రెండోది. అది నేను రాసిందే. రెండేళ్ళ కిందట రాశాను. నువ్వు పరీక్ష రాస్తున్నావని ఆఫీసులో ముందే కాగితం ఇచ్చాను. వేల ప్రశ్నల్లోంచి యంత్రం ఏరుతుంది, ఏది వస్తుందో మాకూ తెలియదు. అది వచ్చింది.

డాక్టరు బయటివాళ్ళను లోపలికి రావద్దన్నాడు అనే అర్థం వచ్చే వాక్యం. ఫర్బిడ్ అనే ఆ వద్దనే మాట తర్వాత టు అనే రెండక్షరాల ముక్క రావాలని మా పుస్తకాలన్నీ చెబుతాయి. నేను దాని బదులు ఫ్రమ్ అనే నాలుగక్షరాల ముక్క పెట్టి ఒక తప్పు జవాబు తయారుచేశాను. చెవిగారు విన్నారు, కనుబొమ్మ లేచింది, సంతకం పెట్టారు.

నువ్వేమో ఉత్తరంలో ఇలా రాశావు: "అందరూ కష్టమన్న ప్రశ్న నాకు కష్టమనిపించలేదే. మా ఐసీయూ తలుపు మీది బోర్డుని పందొమ్మిదేళ్ళుగా రోజూ తుడుస్తున్నాను. అందులో అట్లాగే ఉంది. నేను పెట్టింది ఒప్పేనా? నిజం చెప్పు." నేను పదేళ్ళు బెంచీల మీద కూర్చుని నేర్చుకున్నదాన్ని నువ్వు తడిగుడ్డ పట్టుకుని, నిలబడి నేర్చుకున్నావు. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

నువ్వు పెట్టింది ఒప్పే అమ్మా. పూర్తిగా ఒప్పు. కానీ ఇంకోటి కూడా ఒప్పు.

తాత్కాలిక జాబితా వచ్చిన మూడో రోజు. ఆ పొద్దున చదివే వంతు ఫుల్‌స్టాప్ అక్కది. పాత పుస్తకాల బండి మీద దొరికిందని ఒక ఓడ కప్తాను భార్య రాసుకున్న దినచర్య తెచ్చింది. అట్ట లేదు. తుఫాను వచ్చిన రోజు కప్తాను ఈమెను డెక్కు మీదికి రావద్దన్నాడు. ఆ వాక్యం. నా నాలుగక్షరాల ముక్కతో. అమ్మా, నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఎంత సహజంగా ఉందో! ఒక్క మాట కదిపినా వాక్యం కూలిపోతుంది. నేను తప్పుగా పుట్టించానని గర్వపడ్డ వాక్యాన్ని, నేను పుట్టకముందే ఒకామె ఊగే గదిలో కూర్చుని ఒప్పుగా రాసిపెట్టింది.

ఇది మా గదిలోవాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు. తప్పుగా తయారుచేశాం కాబట్టి అది తప్పే అని నమ్ముతాం. బయట ఎవరైనా దాన్ని బతికించి ఉన్నారేమో అని వెతకం.

నేను కళ్ళు తెరిచి చూశాను. మిగతావాళ్ళు కళ్ళు మూసుకునే ఉన్నారు. అక్క చదువుతూ తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నీ దగ్గర దాచినది చెబుతాను. నేను పదకొండు రోజులు నోరు మెదపలేదు.

ఎందుకో నీకు తెలుసు. సీట్లు నూట ఇరవై. గీత అరవై ఒకటి దగ్గర గీశారు. నీకు సరిగ్గా అరవై ఒకటి. నలభై ఆరో ఏట, నా పాత నోటు పుస్తకాలు చదివి తెచ్చుకున్న అరవై ఒకటి. మేట్రన్ గారు వార్డులో అందరి ముందూ నిన్ను కౌగిలించుకున్నారని, పేషెంట్లు కూడా చప్పట్లు కొట్టారని రాశావు. తెల్ల బూట్లు కొనుక్కుని ఇంట్లో వేసుకుని నడుస్తున్నావని నాన్న చెప్పారు. ఆ ప్రశ్నకి రెండు జవాబులూ ఒప్పని తేలితే, నాలుగక్షరాల ముక్క పెట్టినవాళ్ళందరికీ ఒక మార్కు కలుస్తుంది. గీత పైకి జరుగుతుంది. నీ మార్కు అక్కడే ఉంటుంది.

కానీ ఆ జవాబు పెట్టినవాళ్ళెంతమందో లెక్క మా గదికి వస్తుంది. మూడువందల నలభై. రోజూ ఆ అంకె చూసేదాన్ని. పదకొండో రోజు ఒక ఆలోచన వచ్చింది. వాళ్ళలో నీలాంటి ఆయా ఒకామె ఉండే ఉంటుంది. ఆమె తుడిచే తలుపు మీద బోర్డులో ఇంకోలా రాసి ఉంటుంది. ఆమె కూడా కూతురిని అడిగి ఉంటుంది, నేను పెట్టింది ఒప్పేనా అని. ఆ కూతురు పుస్తకం చూసి కాదని చెప్పి ఉంటుంది.

ఆ రోజు అక్క దగ్గర ఆ పుస్తకం అడిగి తీసుకుని చెవిగారి దగ్గరికి వెళ్ళాను. వాక్యం చదివాను. ఆయన కనుబొమ్మ లేవలేదు. "మళ్ళీ చదువు," అన్నాడు. చదివాను. "ఇంకోసారి." మూడోసారి చదివేసరికి ఆయన ముఖమంతా వెలిగిపోయింది. "అబ్బ! ఎంత బాగుందమ్మా!" అన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, "మనం మునిగాం కదూ?" అన్నాడు.

"అవునండీ. ఇరవై రెండు."

"కింద నా సంతకం కూడా ఉంది. నలభై ఏళ్ళ చెవి, చూశావా, ఎక్కడ నిద్రపోయిందో." కాసేపటికి అడిగాడు, "గీత జరిగితే ఎవరికి పోతుంది?"

"మా అమ్మకండీ."

ఆయన ఫైలు మూసి తన వైపు లాక్కున్నాడు. "ఫైలు నేను పట్టుకెళ్తాను. నువ్వు ఇక్కడే ఉండు. నేనే కనిపెట్టానని చెబుతాను," అన్నాడు. వద్దన్నాను. నాకు నేనే ఆశ్చర్యపోయాను. ఇద్దరం కలిసి మెట్లెక్కాం. ఆయనకి మోకాళ్ళ నొప్పి, ప్రతి మలుపు దగ్గరా ఆగాం.

పరీక్షల కమిటీ గదిలో ఏడుగురు. అధ్యక్షురాలు కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఫిర్యాదు ఎవరు చేశారు?"

"ఎవరూ చేయలేదండీ."

"మరి?"

"నేనే విన్నానండీ." నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. ఆ పేజీ కూడా చదివాను. చదువుతున్నప్పుడు మాత్రం వణుకు రాలేదమ్మా. ఆ వాక్యం దాని కాళ్ళ మీద అది నిలబడింది, నన్ను కూడా నిలబెట్టింది. చివర ఉన్న ఒకాయన, అప్పటిదాకా కాగితం మీద గీతలు గీస్తున్నవాడు, పెన్సిల్ ఆపేశాడు.

"మీ అమ్మగారి మార్కు ఎంతో తెలుసా?" అంది అధ్యక్షురాలు. తెలుసన్నాను. ఎంతని అడగలేదు. ఆవిడ ముందున్న కాగితంలో ఉంది.

రెండు జవాబులూ ఒప్పుకున్నారు. గీత అరవై రెండు దగ్గరికి జరిగింది. శుక్రవారం అసలు జాబితా వస్తుంది. అందులో నీ నంబరు ఉండదు. ఇది నీకు ఆసుపత్రి గోడ మీద కనబడకముందే నా చేతిరాతలో చేరాలని ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను.

నన్ను తిట్టు. ఉత్తరంలో తిట్టు, ఫోనులో అయితే ఏడ్చేస్తాను. నీ బోర్డు ఒప్పు, ఓడలో ఆమె ఒప్పు. ఇద్దరి మధ్యా నేను ఒక్కదాన్నే తప్పు. ఆ పదకొండు రోజులు కూడా నావే. నాన్నకు నువ్వే చెప్పు, నా ఉత్తరం చదివితే ఆయన సగంలో మడిచి జేబులో పెట్టుకుంటారు.

మళ్ళీ పరీక్ష ఏడు నెలల్లో ఉంది. మా గదిలో వాక్యాలు తయారుచేసేవాళ్ళ సొంతవాళ్ళు ఇకమీద పరీక్ష రాయకూడదని కమిటీ అదే రోజు నియమం పెట్టింది. నేనే అడిగి మార్పించుకుని, సోమవారం నుంచి కింది అంతస్తులో, పాత జవాబు పత్రాలను కట్టలు కట్టే విభాగంలో పనిచేస్తున్నాను.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి