పేరు చెప్పలేదు కదా

మార్చి 1, శనివారం

లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దొరికింది. సుజాతక్క, నేను. జపనీస్ క్లాసు అయిపోయి ఎన్నాళ్లో అయినా మా శనివారాలు మాత్రం మిగిలాయి. అక్క ఇంగ్లీష్ అనువాదాలు చదువుతుంది. నేను మూలం — డిక్షనరీ పట్టుకుని, నత్తలా.

వెయ్యేళ్ల కిందట జపాన్‌లో మగవాళ్లు చైనా అక్షరాల్లో రాసుకునేవాళ్లు. రాజకార్యాలు, పాండిత్యం అంతా అందులోనే. ఆడవాళ్లకి మిగిలినవి ఈ మెత్తటి వంకర అక్షరాలు. వాటితోనే ఒక సాహిత్యం కట్టేశారు. పెళ్లయినా చాలామంది పుట్టింట్లోనే. భర్త వీలున్నప్పుడు వస్తాడు. వీధిలో బండి చప్పుడైతే... ఆగుతుందా, దాటిపోతుందా?

"మా రవీ అంతేగా అక్కా," అనేశాను.

ఆపలేకపోయాను. టెక్సస్‌లో కాపెల్ ఆఫీస్‌కి ఆరు నెలలే అని వెళ్లాడు, రెండో ఏడు నడుస్తోంది. నెలకోసారి చిన్న పెట్టెతో వస్తాడు. కింద గరాజ్ గేటు చప్పుడైతే చాలు, అతను వచ్చే రోజు కాదని తెలిసీ లేచి నిలబడతాను. ఇది అమ్మకి కూడా చెప్పలేదు.

అక్క నా చెయ్యి నొక్కి పట్టుకుంది. "ఈ ముచ్చట నా కాడ్నే ఉంటది వసూ."

తేలిగ్గా ఉంది.

మార్చి 5

ఆ రచయిత్రుల్లో చాలామందికి సొంత పేరు మిగల్లేదట. తండ్రి ఉద్యోగమో అన్న హోదానో — అదే పిలుపు. సాయంత్రమంతా అదే ఆలోచన. పప్పు మాడింది.

మార్చి 9, ఆదివారం

అక్క ఫోన్. శాంటా క్లారాలో తెలుగు సాహిత్య సభ. జపాన్ ఆడవాళ్ల రచనల మీద మాట్లాడమన్నారట. "మనిద్దరం కలిసి చేద్దాం. నువ్వు పాయింట్స్ రాసి పంపు, నేనేమో ఇంగ్లీష్‌ల చదివినదాన్ని."

ఎంత సంతోషమో. బీరువాలోంచి గద్వాల చీర తీసి పెట్టుకున్నాను.

మార్చి 15

అన్నీ పంపేశాను. నా అనువాదాలు కూడా.

మార్చి 22, శనివారం

సభ హాలు గుమ్మం దగ్గర పోస్టర్. అక్క ఫొటో ఒక్కటే.

"టైమ్ లేదని ఒక్కరినే పెట్టిన్రు వసూ, ఏమనుకోకు." సరే అన్నాను. మూడో వరసలో కూర్చున్నాను.

నా వాక్యాలు. ఒకదాని తర్వాత ఒకటి, నేను ఆగిన చోటే ఆగుతూ. అదైనా ఓర్చుకునేదాన్నేమో. తర్వాత కాగితం పక్కన పెట్టి, గొంతు తగ్గించింది —

"ఇది వెయ్యేండ్ల కిందటి కథ అనుకుంటున్నరా? నాకు తెలిసిన ఒకామె ఉంది, సన్నీవేల్‌లనే. భర్త టెక్సస్‌ల. గరాజ్ గేటు చప్పుడైతే లేచి నిలబడుతది."

హాలంతా నిట్టూర్పు. పక్కనున్న ఆంటీ "పాపం తల్లి" అంది. ముందు వరసలోంచి రవి పాత కొలీగ్ భార్య వెనక్కి తిరిగింది. సరిగ్గా నా వైపే.

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎందుకు కొట్టాను?

పార్కింగ్‌లో అడిగాను. "నా కాడ్నే ఉంటదన్నావు కదా అక్కా."

"నీ పేరు చెప్పిన్నా? చెప్పలే కదా!"

పేరు లేకపోతేనేం. ఆ కాలంలో కూడా ఏ ఇంటి ఆడదో అందరికీ తెలిసే ఉంటుంది.

మార్చి 23

పుస్తకం తెరవలేదు.

మార్చి 24, సోమవారం

రవి ఫోన్. ఎవరో వీడియో ఫార్వర్డ్ చేశారు.

"ఊరందరికీ నా గురించి చెప్పుకుంటున్నావా?"

"ఒక్క మనిషికి చెప్పాను."

"సుజాతగారికి చెప్తే ఊరికి చెప్పినట్టే."

"అందులో అబద్ధం ఉందా రవీ?"

ఫోన్‌లో అటువైపు ఆఫీసులో ఎవరో నవ్వడం వినిపిస్తోంది.

"చూడు... ఇక్కడ అపార్ట్‌మెంట్ లీజ్ ఇంకో ఏడాదికి రెన్యూ చేశాను. జనవరిలోనే. నీకు చెబుదామనే అనుకున్నా. మోహన్‌కి చెప్పాను కదా, వాళ్లావిడ నీతో అనలేదా?"

మోహన్ అంటే సుజాతక్క భర్త. రవిదీ అతనిదీ ఒకే టీమ్.

జనవరి. అంటే నా చెయ్యి నొక్కి పట్టుకున్న రోజుకి తనకి తెలుసు. ఈయన ఇప్పట్లో తిరిగొచ్చెయ్యడని తెలిసే, నేను లేచి నిలబడడం వింది. విని, దాచుకుని, మైకులో చెప్పింది.

ఏడుపు రాలేదు. గిన్నెలన్నీ కడిగాను, కడిగినవి కూడా.

మార్చి 27

అక్క మిస్డ్ కాల్స్. ఎత్తలేదు. రవి మెసేజ్ — వచ్చే శుక్రవారం ఫ్లైట్, పికప్‌కి రా, మాట్లాడుకుందాం.

మార్చి 29, శనివారం

వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను. ఆ బల్ల అక్క ఒక్కదానిదీ కాదు కదా.

ముందే వచ్చి కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి.

"చెబుదామనే అనుకున్న వసూ. నీ మొహం చూస్తే నోరు రాలె."

"మైకు ముందు వచ్చిందే?"

నేను పుస్తకం తెరిచాను. అక్క, పాత అలవాటుగా, నా పేజీ మీద వేలు పెట్టింది. "ఈడ వెళ్లిపోయింది ఎవరు? అతనా, ఆమెనా?"

పాత జపనీస్‌లో కర్త చెప్పరు. క్రియలోని మర్యాదని బట్టి ఎవరో పోల్చుకోవాలి. నాకు అర్థమైంది. చెప్పలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని లేచాను.

"వచ్చే వారం వస్తవా?" వెనక నుంచి అంది.

రవికి ఇంకా జవాబివ్వలేదు. వస్తాను అని టైప్ చేశాను... చెరిపాను. రాను — అదీ చెరిపాను.