బర్డెట్ల యుద్ధకాగితాల అప్పగింత

కెంటకీ రాష్ట్రం, సారెల్ క్రీక్ ఊళ్ళో పాతమిల్లు రోడ్డు కాపురస్తుణ్ణి, కీర్తిశేషులు రాస్కో బర్డెట్ గారి కుమారుణ్ణి, ఎల్డన్ బర్డెట్ అనే నేను, ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో, తెలివి కుదురుగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతులతో నేనే వ్రాసుకుంటున్న వీలునామా ఇది. తెలివి కుదురుగానే ఉందని డాక్టరు గారు పోయిన మంగళవారం కాగితం మీద వ్రాసి ఇచ్చారు. మా అక్క మాక్సీన్‌కు ఆ విషయంలో ఆరేళ్ళుగా అనుమానం ఉంది కాబట్టి ఆ కాగితం దీనికి జతపరిచాను.

1. ఇంతకుముందు నేను వ్రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. ముఖ్యంగా 2019 జూన్ నాటిది. అందులో నా స్థిరచరాస్తులన్నీ ఊరకుక్కల ఆశ్రమానికి వ్రాశాను. అది కుక్కల మీద ప్రేమ కొద్దీ వ్రాసింది కాదు, అక్క మీద కసి కొద్దీ వ్రాసింది. కుక్కలు నన్ను మన్నించాలి.

2. దీన్ని అమలుపరిచే బాధ్యత నా మిత్రుడు హోబర్ట్ లైల్‌ది. ఊళ్ళో క్షవరం షాపు అతనిదే. రోడ్డుకు ఈ పక్క నేనూ ఆ పక్క అక్కా మాటలు మానుకున్నప్పటి నుంచీ మా మాటలు మోసింది అతనే. "మీ కంచె విరిగిందని చెప్పమన్నాడమ్మా మీ తమ్ముడు" అని అక్క దగ్గరికి వెళ్ళేవాడు. "నా కంచె సంగతి వాడికెందుకో కనుక్కు రమ్మంది" అని నా దగ్గరికి వచ్చేవాడు. ఊరందరి జుట్టూ కత్తిరించాడు గాని, మా ఇద్దరి జుట్టుకూ జుట్టుకూ పడ్డ ముడి మాత్రం విప్పలేకపోయాడు. నేను పోయాక హోబర్ట్ ఈ వీలునామాను అక్క ఇంట్లో, ఆమె భోజనాల బల్ల దగ్గర, మొదటినుంచి చివరిదాకా పైకి చదవాలి. ఏదీ దాటవేయకూడదు. నవ్వు వస్తే బయటికి వెళ్ళి నవ్వి రావాలి.

3. నా మంచం కింద ఉన్న ఆకుపచ్చ రేకుపెట్టె, అందులోని యుద్ధకాగితాలన్నీ, నా తదనంతరం అక్క మనవరాలు డియానా కాబ్‌కు సర్వహక్కులతో చెందాలి. ఎందుకో వివరంగా వ్రాస్తాను. లేకపోతే అక్క దాన్ని చెత్త అని పొయ్యిలో వేస్తుంది.

మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు యుద్ధాలు వచ్చేవి. అమెరికా చేసిన ప్రతి యుద్ధంలోనూ ఒక బర్డెట్ ఉన్నాడనీ, ప్రతి బర్డెట్టూ వీరుడేననీ అక్క చెప్పేది. ఏటా మే నెలలో అమరవీరుల దినం నాడు కోర్టు ముందు నిలబడి ఊరందరికీ చెప్పేది. 2017లో ఆ పేర్లన్నీ కోర్టు ఆవరణలో రాతి మీద చెక్కించాలనుకుంది. కమిటీ వాళ్ళు రుజువులు అడిగారు.

"ఒరే ఎల్డన్, మన రక్తానికి రుజువులు కావాలట వీళ్ళకి. నువ్వు ఖాళీగానే ఉన్నావుగా, ఆ కాగితాలేవో తెప్పించు" అంది.

తెప్పించాను. ప్రభుత్వ దస్తావేజుల ఆఫీసు నుంచి రెండేళ్ళపాటు ఒక్కొక్క కవరే వచ్చింది. పోస్టాఫీసులో లూసిల్ ప్రాట్ "ఇవాళ ఏ తాత గారు దిగారు?" అని అడుగుతూ అందించేది. వచ్చినవి ఇవి.

(అ) జోసయా బర్డెట్, స్వాతంత్ర్య యుద్ధం. జనరల్ పక్కన నిలబడి నది దాటాడని అక్క చెప్పేది. ముసలితనంలో ఆయన పింఛను కోసం ప్రమాణం చేసి చెప్పిన మాటలు పెట్టెలో ఉన్నాయి. సైన్యానికి తిండి కోసం ఎద్దులు తోలుకెళ్ళేవాడు. దారిలో పదకొండు తప్పిపోయాయి. మూడు వారాలు వెతికాడు. తొమ్మిది దొరికాయి. వాటిని తోలుకుని వెళ్ళేసరికి యుద్ధం అయిపోయి అందరూ ఆకలితో కూర్చున్నారు. నది దాటిన మాట నిజమే. ఎద్దు తోక పట్టుకుని దాటాడు.

(ఆ) లెమ్యుయెల్, బ్రిటన్‌తో 1812 యుద్ధం. కాలినడకన బయలుదేరి వెళ్ళాడు. అక్కడ సంధి అయిపోయిందని చెప్పారు. భోజనం పెట్టమన్నాడు, పెట్టారు, తిని వచ్చేశాడు. అరిగిపోయిన బూట్ల గురించి ప్రభుత్వానికి వ్రాసిన ఉత్తరాలు పద్నాలుగు ఉన్నాయి. యుద్ధమంటూ చేస్తే అదే చేశాడు.

(ఇ) ఏసా, ఎఫ్రయిమ్. అన్నదమ్ములు. అంతర్యుద్ధంలో ఒకడు ఉత్తరం వైపు, ఒకడు దక్షిణం వైపు. పొగలో ఎదురుపడి, గుర్తుపట్టి, తుపాకులు పారేసి కౌగిలించుకున్నారని అక్క చెప్పినప్పుడల్లా ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకునేవారు. ఖైదీల జాబితాలో ఇలా ఉంది: ఎఫ్రయిమ్‌ను పట్టుకున్నది ఏసా, పట్టుకున్న చోటు వాళ్ళమ్మ వంటిల్లు. ఖైదీల మార్పిడిలో ఎఫ్రయిమ్ విడుదలయ్యాడు. ఎనిమిది నెలల తర్వాత ఏసాను పట్టుకున్నది ఎఫ్రయిమ్, చోటు అదే వంటిల్లు. ఇద్దరూ బీన్స్ తినడానికే వచ్చారు. వాళ్ళమ్మ ఇద్దరు సేనాధిపతులకూ ఒకే ఉత్తరం వ్రాసి పంపింది: "ఇంకోసారి నా పొయ్యి దగ్గర ఒకణ్ణొకడు పట్టుకున్నారంటే ఇద్దర్నీ నేనే పట్టుకుంటాను. వాళ్ళని ఇక మీకు ఇవ్వను." మా వంశంలో నిజమైన సేనాధిపతి ఆవిడేనని నా అభిప్రాయం.

(ఈ) మా తాత ఓటిస్, మొదటి ప్రపంచ యుద్ధం. ఫ్రాన్సులో వార్తలు మోసే పావురాలను చూసుకునే దళంలో పనిచేశాడు. ఆయన పతకం మొదట మా ఇంట్లో, తర్వాత అక్క ఇంట్లో గాజుపెట్టెలో ఉండేది, మా చిన్నప్పుడు దానికి సెల్యూట్ కొట్టందే మాకు రాత్రి భోజనం లేదు. కవరులో వచ్చిన కాగితం ఆయన మీద పై అధికారి వ్రాసిన ఫిర్యాదు. "సిపాయి బర్డెట్ మేత మితిమీరి పెట్టినందువల్ల 614వ నంబరు పావురం ముఖ్యమైన వార్తతో నడిచి వచ్చింది." పతకాన్ని తిప్పి చూస్తే దాని మీద 614 అని ఉంది. అది పావురం కాలి కడియం.

(ఉ) నేను, వియత్నాం. శత్రువుల మధ్య ఆవిర్లూ పొగలూ కమ్మిన చోట పదమూడు నెలలు నిలబడ్డానని అక్క ప్రసంగం. ఆవిరి మాట నిజమే. అది ఇస్త్రీ యంత్రానిది. నేను బట్టలుతికే దళంలో ఉన్నాను.

2019 మేలో చర్చి నేలమాళిగలో కమిటీ కూర్చుంది. కాగితాలు నన్నే చదవమన్నారు. అబద్ధం చెప్పడం నాకు రాదు, నిజాన్ని మెత్తగా చెప్పడమూ రాదు. ఎద్దుల దగ్గర నవ్వు దాచుకోవడానికి దగ్గారు. వంటింటి దగ్గర బల్లలు పట్టుకున్నారు. పావురం దగ్గర కమిటీ అధ్యక్షుడు కుర్చీలోంచి జారి కింద కూర్చున్నాడు. అక్క లేచింది. అందరి కోసం తాను చేసి తెచ్చిన జామ్ కేకును, అప్పటికే సగం కోసి పంచినదాన్ని, పళ్ళెంతో సహా ఎత్తుకుంది.

"నోట్లో ఉన్నది మింగండి. మిగిలింది నేను తీసుకుపోతున్నా" అంది వాళ్ళతో.

నాతో, "చచ్చినవాళ్ళ పరువు తీశావురా. ఇవాళ్టి నుంచి నువ్వూ వాళ్ళలో ఒకడివే" అంది.

కమిటీ రాయి వద్దంది. అక్క నాతో మాట్లాడటం మానేసింది.

ఇక డియానా సంగతి. ఆమె అఫ్గానిస్తాన్‌లో ఇంధనం లారీ తోలింది. అక్క తయారు చేసిన వీరుల పట్టికలో డియానా పేరు లేదు. "లారీ తోలింది, అంతేగా" అని అక్క వాదన. మరి జోసయా ఎద్దులు తోలాడుగా అని నేను హోబర్ట్ ద్వారా అడిగించాను. 2020లో డియానా నానమ్మ ఇంటికి వచ్చి ఉండిపోయింది. నవ్వేది కాదు, ఎవరితోనూ కూర్చునేది కాదు. మరుసటి ఏడు అమరవీరుల దినం పొద్దున్నే అక్కకు హఠాత్తుగా మనసు మారి, ఆ సాయంత్రం డియానా యూనిఫారం వేసుకుని వేదిక మీద వంశపు కత్తి పట్టుకుని నిలబడాలని ప్రకటించింది. ఆ మధ్యాహ్నమే డియానా రోడ్డు దాటి నా వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"నేను నిలబడలేను తాతా" అంది. "అంతమంది పక్కన నా మొహం పెట్టుకుని ఎలా నిలబడను? మన వంశంలో భయపడ్డదాన్ని నేనొక్కదాన్నే."

చర్చిలో నేను చదివిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదని తెలిసింది. మొక్కజొన్న రొట్టె ముక్క చేతిలో పెట్టి, పెట్టె తెచ్చి, జోసయా దగ్గర మొదలుపెట్టాను. ఎద్దుల దగ్గర రొట్టె కింద పెట్టింది. బూట్ల దగ్గర "ఇది నువ్వు కల్పించావు" అంది. కాగితం చూపించాను. వంటింటి దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పావురం నడిచి రాగానే లేచి వెళ్ళి, పాత్రలు తోమే తొట్టి అంచు రెండు చేతులా పట్టుకుని, వంగిపోయి నవ్వింది. ఆమె నవ్వు అంత మోటుగా ఉంటుందని నాకు తెలియదు. మా అక్క నవ్వు, చిన్నప్పటిది, అచ్చం అలాగే ఉండేది.

నవ్వు ఆగాక చెప్పింది. దారిలో కాల్పులు మొదలైతే లారీ కింద దూరి చెవులు మూసుకుందట. ఎంతసేపో తెలియదట.

"తర్వాత?" అన్నాను.

"నా లారీ కదలకపోతే వెనకున్న పదకొండు కదలవు కదా. ఎక్కి తోలాను."

"చేతులు వణికాయా?"

"ఇప్పటికీ వణుకుతాయి తాతా."

నేను చదివిన కాగితాల్లో ఇలాంటి మాట ఒక్కటీ లేదు. ఆ రోజు డియానా వేదిక ఎక్కలేదు. నా దగ్గర కూర్చుని రెండో రొట్టె తింది. అందుకని పెట్టె ఆమెది.

4. నా ఇల్లు, దాని వెనకున్న పదకొండు ఎకరాలు, కొట్టం, ట్రాక్టరు, సంపూర్ణ హక్కుభుక్తాలతో డియానాకే. ట్రాక్టరు మూడో గేరులో మొండికేస్తుంది. తిట్టకూడదు, బతిమాలాలి.

5. మా చర్చి పాస్టరు గారికి నా ఇస్త్రీపెట్టె, బల్ల. ఆయన నలిగిన కాలరు చూసి పదేళ్ళుగా ప్రార్థన మీద మనసు పెట్టలేకపోయాను. సైన్యం నాకు నేర్పింది ఆ ఒక్క విద్యే. దానితో నా భార్య నేడీన్ గౌన్లు నలభై ఆరేళ్ళు ఇస్త్రీ చేశాను. చివరిసారి ఆమెకు వేసిన నీలం గౌను కూడా నేనే చేశాను, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ సంగతి పాస్టరు గారు గుర్తుంచుకుని పెట్టెను మర్యాదగా వాడుకోవాలి.

6. పావురం కడియం హోబర్ట్‌కు. అక్క కేకు ఎత్తుకెళ్ళిన రోజే దాన్ని మా పెరట్లోకి విసిరేసింది, వెతికి దాచాను. హోబర్ట్ కూడా మాతోపాటు దానికి యాభై ఏళ్ళు సెల్యూట్ కొట్టాడు. కాబట్టి అతనికీ కొంత హక్కుంది.

7. మా అక్క మాక్సీన్‌కు ఈ కిందివి.

మొదటిది, వంశపు కత్తి. మా నాన్న దాన్ని నాకిచ్చినా ఏటా మేలో ఆమే తీసుకెళ్ళేది. ఇక తిరిగి ఇవ్వనక్కర్లేదు. అది జోసయా కత్తి అని ఆమె చెప్పుకోవచ్చు. పిడి అడుగున తయారుచేసిన కొట్టు పేరూ, టెలిఫోను నంబరూ ఉన్నాయి. అక్కడ చెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంటే సరిపోతుంది.

రెండోది, మా నాన్న రాస్కో కాగితం. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన ఏం చేశాడో ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. దాణా కొట్టు నడిపాడు, సాయంత్రం రేడియో విన్నాడు, అంతే. ఆయన కాగితాలు ప్రభుత్వ ఆఫీసులోనే ఎప్పుడో కాలిపోయాయి. నాకు అందింది ఒకే ఒక పేజీ, అంచులు నల్లబడినది. పేరు, బూటు కొలత, దాని కింద ఒక సగం వాక్యం: "ఎవరూ చెప్పకుండానే వెనక్కి వెళ్ళి". ఆ తర్వాత బూడిద. దీన్ని కమిటీలో చదవలేదు, అక్కకూ చూపించలేదు. భోజనం డబ్బా మరిచిపోయి వెళ్ళి ఉంటాడని నా ఊహ. మిగతాది అక్క తనకు తోచినట్టు పూరించుకోవచ్చు. నేను ఎదురు చెప్పను. నాన్న గురించి ఆమె ఏం చెప్పినా నాకు ఇష్టమే.

మూడోది, ఒక క్షమాపణ. ఆ రోజు నేను చదివింది నిజమే, దానికి విచారించను. కానీ పావురం సంగతికి జనం అంతగా నవ్వేసరికి నాకు ఉత్సాహం వచ్చి, రెండోసారి చదివాను. అక్క మొహం చూస్తూనే చదివాను. ఆ రెండోసారికి క్షమాపణ. బతికుండగా రోడ్డు దాటి వచ్చి చెప్పి ఉండాల్సింది. రెండుసార్లు రోడ్డు మధ్యదాకా వచ్చాను. అక్క కిటికీ తెర కదిలింది, వెనక్కి వెళ్ళిపోయాను.

8. అక్కకు ఇప్పటికీ రాయి పెట్టాలని ఉంది. ఆమె పెరడు వాలు. ఏం నిలబెట్టినా వాగులో చేరుతుంది. నా ఇంటి ముందు రోడ్డువారగా ఉన్న చదును ముక్క అందుకు ఇస్తున్నాను. షరతు: దాని మీద వీరుడు, యోధుడు, గర్జించు అన్న మాటలు ఉండకూడదు. పేర్లు వరసగా వ్రాసి, కింద "బర్డెట్లు వెళ్ళారు. తిరిగి వచ్చారు" అని చెక్కించాలి. డియానా ఒప్పుకుంటే ఆమె పేరు కూడా, కాబ్ అన్న ఇంటిపేరుతోనే. ఆమె వద్దంటే వద్దు. అక్క బతిమాలకూడదు, ఏడవకూడదు, కేకు చేసి పంపకూడదు.

9. నా అంత్యక్రియల గురించి. మాజీ సైనికుల సంఘం వాళ్ళు జెండా మడిచి ఇస్తామంటే తీసుకోండి, మడతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. బాకా ఊదనివ్వండి. తుపాకులు పేల్చడానికి మాత్రం ఒప్పుకోవద్దు. జూలై నాలుగున, స్వాతంత్ర్య దినం నాడు, ఊళ్ళో టపాసులు కాలుస్తుంటే డియానా కుక్కను ఒళ్ళో పెట్టుకుని నేలమాళిగలో కూర్చుంటుంది. నా సమాధి దగ్గర ఆమె చెవులు మూసుకోనక్కర్లేకుండా నిలబడాలి. ఆమె పక్కన అక్క నిలబడాలి. పేల్చకపోతే మర్యాద కాదని ఎవరైనా అంటే, ఇది చనిపోయినవాడి ఆజ్ఞ అని హోబర్ట్ చెప్పాలి. అప్పటికీ వినకపోతే ఇలా చెప్పమనండి: రెండువందల యాభై ఏళ్ళుగా బర్డెట్ మగాళ్ళు ఒక్క గుండు కూడా వృథా చేయలేదు, నాతో మొదలుపెట్టవద్దు.

పై తొమ్మిది అంశాలూ నేనే వ్రాసి, మళ్ళీ చదువుకుని, సరిగా ఉన్నాయనిపించాక సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను.

సారెల్ క్రీక్, 2025 అక్టోబరు 14, మంగళవారం.

(సంతకం) ఎల్డన్ బర్డెట్

సాక్షులు:
1. లూసిల్ ప్రాట్, పోస్టాఫీసు
2. వెర్నన్ ఏమ్స్, దాణా కొట్టు