పదిహేడో డాంపర్

ఫిబ్రవరి 10, 2025. సోమవారం

గుంటూరులో కొత్త సైటు. ఐదంతస్తుల ప్రైవేటు ఆసుపత్రి. పదిరోజుల్లో ఓపెనింగట. మిరపయార్డు వైపు నుంచి గాలి తిరిగితే ఐదో అంతస్తులో కూడా తుమ్ములే తుమ్ములు.

నా పని డాంపర్లకి వైరింగ్. ఏసీ గాలి పోయే డక్టు గోడ దాటే ప్రతిచోటా లోపల ఒక ఇనప షట్టరు పెడతారు. అదే డాంపర్. కరెంటు ఉన్నంతసేపు మోటారు దాన్ని తెరిచి పట్టుకుంటుంది. పొగ తగిలితే కరెంటు ఆగుతుంది, స్ప్రింగు లాగుతుంది, ఠప్‌మని మూసుకుంటుంది. ఒక గదిలో మంట పుడితే ఆ పొగ పక్క గదిలోకి పోకూడదు, అంతే. మంట కంటే పొగే ముందు చంపుతుంది. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఎవరి బుర్రకీ ఎక్కదు.

మొత్తం ఇరవై నాలుగు. నాకు ముందు చేసిన జయపాల్ అన్న సగంలో వదిలేసి వేటపాలెం వెళ్లిపోయాడట. ఎందుకండీ అంటే, మీవాళ్లు చెప్పి మానేస్తారా ఏంటి మహిమా అన్నాడు ఇంజనీరు చైతన్యకృష్ణ సార్. మీవాళ్లంటే ఎవరో నేను అడగలేదు. వైర్‌మన్లే అనుకుని నిచ్చెన ఎక్కాను.

ఫిబ్రవరి 14

ఇరవై మూడు అయ్యాయి. ప్రతిదీ కళ్లతో చూశాను, చేత్తో తిప్పాను, ఠప్ విన్నాను.

పదిహేడోది చూడలేదు. నాలుగో అంతస్తులో, ఏసీ మిషన్ రూముకీ పురిటి పిల్లల వార్డుకీ మధ్య గోడలో ఉంది. నేను రాకముందే కింద సీలింగు మూసేసి రంగులు కూడా వేసేశారు. చూడ్డానికి చిన్న తలుపైనా పెట్టలేదు, మహానుభావులు. డ్రాయింగులో జయపాల్ అన్న చేత్తో 17 పక్కన ఓకే అని ఉంది. డాంపర్ల ప్యానెల్ బోర్డు మీద దాని లైటు కూడా బాగానే పలుకుతోంది. కరెంటు ఇస్తే పచ్చ, తెరిచినట్టు. తీస్తే ఎరుపు, మూసినట్టు. కానీ గోడకి చెవి పెట్టి మూడుసార్లు విన్నాను, చప్పుడు లేదు.

సార్‌కి చెప్పాను. లైటు వెలుగుతుంటే ఇంకేం కావాలి తల్లీ, డక్టులో దూరి కూర్చుంటావా అన్నాడు. అందరూ నవ్వారు. టెస్ట్ షీటు మీద సంతకం పెట్టేశాను.

చూడకుండా సంతకం పెట్టడం నా జన్మలో ఇది రెండోసారి. మొదటిది మూడేళ్ల కింద, చిలకలూరిపేట ఫంక్షన్ హాల్లో, ఆరో నంబరు డాంపర్‌కి. ఏమీ కాలేదుగా.

మా చెల్లి హెలెన్‌కి ఈ ఆసుపత్రిలోనే నర్సు పోస్టు వచ్చింది. ఆ వార్డులోనే. మంచి యూనిఫామ్ అక్కా అని ఫోన్లో ఒకటే సంబరం.

ఫిబ్రవరి 19

రేపు ఓపెనింగ్. ఓనరుగారి తల్లి గురవమ్మగారు బిల్డింగుకి దిష్టి తీస్తానని పట్టుబట్టింది. వార్డులో నిప్పు వద్దంటే ఏసీ మిషన్ రూములో కుంపటి పెట్టించింది. అమ్మా, అలారం మోగుద్ది అని సార్ అంటే, మోగనీరా, దిష్టి పోయినట్టు ఊరికి తెలుస్తది అంది. ఆమె మాటకి ఎదురు లేదు.

మా ఇంట్లో దిష్టి నమ్మం, ప్రార్థన చేసుకుంటాం. అయినా హెలెన్ చిన్నప్పుడు ఎడతెగని ఏడుపు ఏడిస్తే మా అమ్మ ఎవరూ చూడకుండా ఉప్పూ మిరపకాయలూ తిప్పేది. కాబట్టి నాకు సంగతి తెలుసు. నిప్పుల్లో పడ్డ మిరపకాయ కోరెత్తితే, అంటే ఘాటు లేచి దగ్గొస్తే, దిష్టి లేనట్టు. కోరెత్తకపోతే ఉన్నట్టు.

గురవమ్మగారి సొంత పొలంలో పండిన తేజ మిరపకాయలు, రెండు గుప్పిళ్లు. నిప్పుల్లో పోసింది. నల్లగా మాడాయి, పొగ లేచింది, సైరన్ మోగింది. ఒక్కరు దగ్గలేదు. నేను కుంపటి మీదికి వంగి మరీ పీల్చాను. ఏమీ లేదు. వేడి గాలి, అంతే. గుంటూరులో తేజ మిరపకాయ కాలిస్తే ఘాటు లేకపోవడమా!

అమ్మో, ఎంత దిష్టి, ఎంత దిష్టి అని గురవమ్మగారు చెంపలు వాయించుకుంది. నాకు వేరే భయం పట్టుకుంది. ఘాటంతా డక్టులోంచి వార్డులోకి పోయిందేమోనని పరుగెత్తాను. వార్డు ఖాళీ. ఉయ్యాల మంచాలు వరసగా ఉన్నాయి. ఫినాయిలు వాసన తప్ప ఏమీ లేదు. ప్యానెల్ దగ్గరికెళ్లి చూశాను. 17 ఎర్రగా ఉంది. మూసుకుంది. పని చేసింది. స్తోత్రం ప్రభువా అనుకున్నాను.

ఫిబ్రవరి 20

ఇటూ లేదు, అటూ లేదు. మరి ఘాటు ఎటు పోయింది?

ఫిబ్రవరి 23, ఆదివారం

చర్చి నుంచి రాగానే జయపాల్ అన్నకి ఫోన్ చేశాను. జీడిపప్పు ఫ్యాక్టరీలో మోటార్లు చూసుకుంటున్నాడట. 17 సంగతి అడిగాను. చెప్పాడు. ఆ గోడలో డాంపర్ పెట్టనే లేదట! సరుకు లేటుగా వచ్చిందట. ఈలోగా సీలింగు మూసేశారట. సార్ రాయమన్నాడని ఓకే అని రాశాడట. ఎట్లా రాశావన్నా, పసిపిల్లల వార్డది అని అరిచాను. నువ్వెట్లా సంతకం పెట్టావమ్మా అన్నాడు.

మానేసింది అందుకేనా అంటే, అందుక్కాదట. ప్యానెల్‌కి మొదటిసారి కరెంటు ఇచ్చిన రోజు 17 లైటు వెలిగిందట. గోడలో లేనిది పలికిందమ్మా, నేనింక ఆ గడప తొక్కలేదు అన్నాడు.

ఫిబ్రవరి 24

బేస్‌మెంట్ స్టోరులో వెతికాను. స్టోర్ చూసే రహమాన్ గారు, వెనక ఒక పెట్టె ఉందమ్మా, డిసెంబర్ నుంచి కదిపింది లేదు అన్నారు. అట్టపెట్టె మీద 17 అని రాసుంది. కంపెనీ టేపు ఎక్కడా ఊడలేదు. ఇద్దరం రెండుసార్లు చూశాం.

బ్లేడుతో టేపు కోసి మూత ఎత్తాను.

ఘాటు. దేవుడా, ఏం ఘాటు! ఇద్దరం చెరో మూలకి పరుగెత్తి దగ్గాం, తుమ్మాం, కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. రహమాన్ గారికి ఊపిరాడక మెట్ల దాకా నడిపించుకెళ్లాను. తిరిగొచ్చి, కొంగు మూతికి కట్టుకుని చూశాను. షట్టరు గట్టిగా మూసుంది. రేకుల మీద ఒకవైపే మసి. రెండు రేకుల మధ్య మాడిన మిరప గింజ ఇరుక్కుని ఉంది.

ఫిబ్రవరి 25

సార్‌కి చెప్పాను. ఘాటు సంగతి కాదు, గోడలో డాంపర్ లేదన్న సంగతి. తెలుసులే అన్నాడు! వార్డులో ఐదుగురు పిల్లలున్నారు, ఇప్పుడు సీలింగు పగలగొడితే ఓనరు నన్ను పగలగొడతాడు అన్నాడు. లైటు వెలుగుతోంది కదా అన్నాడు. ఆఖర్న మెల్లగా, సంతకం నీది మహిమా అన్నాడు.

నిజమే, నాదే. సిగ్గుతో చచ్చిపోయాను. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది, లేదని ఎందుకు రాయాలి. కానీ ఆ ఐదుగురికీ, మా హెలెన్‌కీ అడ్డంగా ఉన్నది బేస్‌మెంట్‌లో ఒక అట్టపెట్టె. అది ఇప్పటిదాకా ఎట్లా పట్టుకుందో నాకు తెలీదు. ఎన్నాళ్లు పట్టుకుంటుందో అంతకన్నా తెలీదు.

నా సంతకం తప్పని ఫైర్ ఆఫీసులో నేనే రాసిస్తాను, మీ పేరుతో సహా అన్నాను.

ఫిబ్రవరి 26

హెలెన్ చెప్పింది. ఎల్లుండి పిల్లల్ని మూడో అంతస్తుకి మారుస్తున్నారట. ఒక్క పూట. సీలింగు కోయడానికి సార్ దిగొచ్చాడన్నమాట.

ఫిబ్రవరి 28

ఉదయం తొమ్మిదికి సీలింగు కోశాను. డక్టుకి కన్నం పెట్టి టార్చి వేశాను. గోడ మధ్యలో ఏమీ లేదు. ఒట్టి రంధ్రం. చెయ్యి పెడితే అటునుంచి ఇటు చల్లగాలి వచ్చింది.

కానీ డక్టు లోపల మిషన్ రూము వైపు రేకంతా నల్లటి మసి. వార్డు వైపు రేకు కొత్తదానిలా మెరుస్తోంది. రెండింటికీ మధ్య, సరిగ్గా షట్టరు ఉండాల్సిన చోట, స్కేలు పెట్టి గీసినట్టు గీత. వేలితో తుడిచాను. వేలు మండింది.

పెట్టెలోది తెచ్చి బిగించాను. ప్రతి స్క్రూ నేనే, ప్రతి వైరు నేనే. చూసుకోవడానికి తలుపు కూడా పెట్టించాను. కరెంటు తీశాను. ఠప్. పదిసార్లు తీశాను, పదిసార్లూ విన్నాను.

తర్వాత మిషన్ రూములో ఒకే ఒక్క మిరపకాయ కాల్చాను. ఘాటు తిరిగొచ్చింది. గదిలో ఉన్న నలుగురం కళ్లు తుడుచుకున్నాం. వార్డులో నిలబడ్డ హెలెన్, ఏ వాసనా రావట్లేదక్కా అని అరిచింది. నేను ఏడ్చాను. మిరపకాయకే అనుకున్నారు.

మార్చి 2, ఆదివారం. ఉదయం 5:40

ఘాటుకి మెలకువ వచ్చింది. పొయ్యి వెలిగించలేదు. వీధిలో ఎవరూ లేవలేదు. నా గదిలోనే ఉంది.

చిలకలూరిపేట ఫంక్షన్ హాలు వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను. ఈరోజు పెళ్లట, ఆరొందల మంది. వంటల దగ్గర మిరప ఘాటేమన్నా వస్తోందా అంటే, నూనె కాగుతోందమ్మా, ఒక్క ఘాటే రావట్లేదు, పోపులో మిరపకాయ వేసినా రావట్లేదని వంటవాళ్లు తిట్టుకుంటున్నారు అన్నాడు.

ఆరో నంబరు. అక్కడ పెట్టె కూడా ఉందో లేదో, ఘాటు సంతకం పెట్టిన నా దగ్గరికే వచ్చింది.

నిచ్చెన అక్కడ ఉందట. బస్సెక్కాను.